మిల్వాకీ మేయరు డేనియల్ హోను

మా పాఠశాల వాగ్వర్ధనీ సమాజమున పై తరగతుల విద్యార్థులు ఒకనాడు ఒక విషయమును గూర్చి వాదించిరి. ఒక పట్టణమును పాలించు అధికారము పదియిరువదియేండ్లు ఒక్కని చేతనే యుండుట పట్టణమునకు మేలా, కీడా యనునదియే ఆ విషయము. అనుభవము గలవాని చేత పని చక్కబడునని ఒక పక్షము వారనిరి. ఎంతటి మంచివాడైనను పీఠమునకు అంటుకొని కూర్చున్నచో చెడిపోవునని రెండవ పక్షము వారనిరి. ఇరుపక్షములకును చప్పట్లు సమానముగనే పడినవి. సభ ముగిసినదే గాని సందేహము తీరలేదు. ఇట్టి ప్రశ్నకు ఊహతో సమాధానము చెప్పుటకంటె నిజముగా జరిగిన యొక చరిత్రమును చూపుట మేలని తలచి, అమెరికా దేశమున ఇరువదినాలుగేండ్లు ఒకే నగరమునకు మేయరుగా నుండిన డేనియల్ వెబ్‌స్టర్ హోనుగారి జీవితమును సంగ్రహముగా ఇందు వ్రాయుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మేయరనగా నగరమునకు అధ్యక్షుడు. పెక్కు నగరములలో ఈతనిని పౌరులే నేరుగా ఓట్లు వేసి ఎన్నుకొందురు. గడువు తీరిన పిదప మరల ప్రజల యెదుట నిలువవలెను. ఎన్నిమాఱులు నిలువవచ్చుననుటకు చాల పట్టణములలో పూర్వము కట్టుబాటు లేకుండెను. కావున కొందరు ఆ పీఠముననే ముసలివారైరి. న్యూయార్కు రాష్ట్రమందలి ఆల్బనీ నగరమున ఎరాస్టస్ కార్నింగు అనునాతడు 1942 మొదలు 1983లో చనిపోవువఱకును మేయరుగనే యుండెను. న్యూజెర్సీ రాష్ట్రమందలి జెర్సీ నగరమున ఫ్రాంకు హేగు అనునాతడు ముప్పదియేండ్లు పాలించెను. హోనుగారి కాలము వీరి కాలముకంటె తక్కువయే. అయినను ఆయన చరిత్రము నుండి నేర్వదగినది ఎక్కువగా నున్నదని మా యభిప్రాయము.

డేనియల్ హోను 1881వ సంవత్సరము మార్చి 12వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమందలి వాకెషా అను చిన్న పట్టణమున జన్మించెను. అది మిల్వాకీ నగరమునకు పడమర ఇరువది మైళ్ళ లోపుననే యున్నది. ఇంటి పరిస్థితులు కలిసిరానందున ఆయన బాల్యముననే బడి మాని పొట్టకూటికై పనిలో ప్రవేశింపవలసివచ్చెను. భోజనశాలలలో వంటవానిగా పొయ్యియొద్ద నిలిచి పనిచేసెను. ఆ యీడు పిల్లలు పుస్తకములు పట్టుకొని బడికి పోవుచుండగా ఈ బాలుడు గిన్నెలు తోముచు కూరలు తఱుగుచు కాలము గడపెను. కాని చదువు మీది యాశను మాత్రము విడువలేదు. యౌవనమున మరల విద్యాభ్యాసమునకు పూనుకొని, తన చేతిపనితోనే ఖర్చులు గడుపుకొనుచు మాడిసన్ పట్టణమందలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున చదివి, 1905లో పట్టము పొందెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదినాలుగేండ్లు. తరువాత చికాగో నగరమునకు పోయి అచ్చటను పనిచేయుచునే న్యాయశాస్త్రము నభ్యసించి 1908లో వకీలయ్యెను. చదువు నడుమ ఆగిపోయినదని దిగులుపడు బాలుడెవ్వడేని మన పాఠశాలలో నున్నచో ఈ భాగమును రెండుమాఱులు చదువవలెనని కోరుచున్నాము.

ఆ సంవత్సరముననే హోను మిల్వాకీ నగరమున స్థిరపడెను. మిల్వాకీ మిచిగన్ మహాసరస్సు పడమటి తీరమున నున్న పెద్ద నగరము. 1910 జనాభా లెక్కల ప్రకారము అచ్చట 3,73,857 మంది యుండిరి. జర్మనీ, పోలండు దేశముల నుండి వలసవచ్చిన కుటుంబములు అందు మెండు. ఇనుప యంత్రముల కర్మాగారములకును, తోళ్ళు పదునుచేయు శాలలకును, సారాయి బట్టీలకును ఆ యూరు ప్రసిద్ధి. పనిచేయు చేతులు అధికముగా నున్నవి గాని నగర పరిపాలనము మాత్రము బాగుగా లేకుండెను. లంచములు పుచ్చుకొన్నారను నేరము మీద ఇరువదవ శతాబ్దారంభమున పలువురు అధికారులు న్యాయస్థానము నెక్కవలసివచ్చెను. విసిగిన పౌరులు 1910లో సోషలిస్టు పక్షమునకు అధికారమిచ్చి ఎమిల్ సైడెల్ అను వడ్రంగపు పనివానిని మేయరుగా ఎన్నుకొనిరి. అమెరికాలోని పెద్ద నగరములలో ఆ పక్షమువాడు మేయరగుట అదియే మొదటిమాఱు. ఆ యెన్నికలోనే ఇరువదితొమ్మిదేండ్ల హోను నగరపు న్యాయవాదిగా ఎన్నికయ్యెను.

సోషలిస్టు అను పేరు విన్నంతనే కొందరు పాఠకులు ఉలికిపడవచ్చును. మిల్వాకీ సోషలిస్టులు తుపాకులను నమ్మినవారు కారు. కార్మిక సంఘముల నుండి వచ్చి, ఓటు పెట్టెను నమ్మి, నీరు దీపము బండి మొదలగు అందరి యవసరములు అందరి సొత్తుగా నుండవలెనని కోరినవారు. వారి సిద్ధాంతము సరియైనదా కాదా యను విచారణ మా యుద్దేశము కాదు. అధికారమును చేతబట్టి ఒక మనుష్యుడు ఎట్లు నడచుకొనెను అనునదియే మాకు ముఖ్యము.

నగర న్యాయవాదిగా హోను చేసిన పని తక్కువది కాదు. కర్మాగారములలో చేతులో కాళ్ళో పోగొట్టుకొన్న పనివానికి నష్టపరిహారమిప్పించు చట్టమును విస్కాన్సిన్ రాష్ట్రము 1911లో చేసినది. అమెరికాలో నిలిచిన అట్టి చట్టములలో అది మొదటివానిలో నొకటి. దాని రచనలో హోను పాలుగొనెను. నగరవీధులలో పట్టాలు పఱచి విద్యుద్బండ్లను నడుపు కంపెనీ ఒకటి యుండెను. పట్టాల నడుమనున్న వీధిభాగమును బాగుచేయు బాధ్యత దానిదని నగరము వాదించెను. కంపెనీ కాదనెను. ఆ వ్యాజ్యము సంయుక్త రాష్ట్రముల అత్యున్నత న్యాయస్థానము వఱకును పోయి 1920లో నగరమునకు అనుకూలముగా తీర్పయ్యెను. గొప్ప ధనబలముగల కంపెనీతో ఒక యూరు పోరాడి తన హక్కును నిలుపుకొనవచ్చునని మిల్వాకీ ప్రజలకు ఈ వకీలు చూపించెను.

1912లో మిగిలిన రెండు పక్షములును ఏకమై డాక్టరు గెర్హార్డు బేడింగు అను వైద్యుని నిలిపి సైడెల్‌ను ఓడించెను. న్యాయవాది పదవి గడువు నాలుగేండ్లగుటచే హోను మాత్రము ఉండిపోయెను. 1914లో ఆయన మరల ఎన్నికయ్యెను. 1916లో స్వల్పాధిక్యముతో బేడింగునే ఓడించి మేయరయ్యెను. అప్పటికాయనకు ముప్పదియైదేండ్లు. అది మొదలు 1918, 1920, 1924, 1928, 1932, 1936 సంవత్సరములలో జరిగిన యెన్నికలన్నిటను గెలిచెను. ఏడుమాఱులు ప్రజల యెదుట నిలిచి ఏడుమాఱులును గెలుచుట సామాన్యము కాదు.

పదవిలోనికి వచ్చిన యేడాదికే హోనుకు గొప్ప పరీక్ష యెదురయ్యెను. 1917 ఏప్రిలులో అమెరికా జర్మనీ మీద యుద్ధము ప్రకటించెను. ఆ నెలలోనే సోషలిస్టు పక్షము సెంటులూయీ నగరమున సభచేసి యుద్ధమును వ్యతిరేకించుచు తీర్మానించెను. మిల్వాకీలో జర్మను వంశీయులు వేలకొలది యుండిరి. దేశమంతయు ఆ యూరిని అనుమానముతో చూచుచుండెను. తన పక్షము ఒకవైపు, తాను ప్రమాణము చేసిన పదవి మఱియొకవైపు లాగుచుండగా హోను ఇరుకునబడెను. ఆయన తన పక్షమును విడువలేదు. మేయరుగా తనకు చట్టము విధించిన పనులను మానను లేదు. స్థానిక రక్షణ సంఘమును కూర్చి, ఆహారపదార్థముల ధరలు పెరుగకుండ చూచుటకును, సైనికుల కుటుంబములకు సాయము చేయుటకును పూనుకొనెను. యుద్ధాభిమానులు ఆయనను ద్రోహియనిరి. స్వపక్షములోని కొందరు పిఱికివాడనిరి. ఆ పక్షపు నాయకుడు విక్టరు బెర్గరు మీద 1918లో యుద్ధవిరోధ వ్రాతలకై నేరము మోపబడెను. ఆతడు ప్రతినిధి సభకు ఎన్నికయైనను సభవారు ఆసనమీయ నిరాకరించిరి. అట్టి తుపానులో సైతము 1918 వసంతకాలమున మిల్వాకీ ప్రజలు హోనునే మరల ఎన్నుకొనిరి. తమ మేయరు ఏమి తలచునో యనుటకంటె ఏమి చేయుచున్నాడో యనునది వారు చూచిరని మాకు తోచుచున్నది.

యుద్ధము ముగిసిన పిదప సరకుల వెల మండిపోయెను. సైన్యమునకై నిలువచేసిన ఆహారపదార్థములు మిగిలియుండగా హోను వానిని నగరము పక్షమున కొని, లాభము వేసికొనక, కొన్న వెలకే ప్రజలకు అమ్మించెను. 1919లో బెల్జియము రాజగు ఆల్బర్టు అమెరికాలో పర్యటించుచుండెను. ఆయనను మిల్వాకీకి ఆహ్వానింపవలెనని కొందరు పెద్దలు మేయరును కోరిరి. హోను ఒప్పుకొనలేదు. తాను కష్టించి పనిచేయువారి పక్షమువాడననియు, రాజులతో తనకు పని లేదనియు మొగమోటమి లేక కఠినముగనే చెప్పెను. అతిథిమర్యాద విషయమున ఇది తప్పని మేమును తలచుచున్నాము. కాని రానున్న యెన్నికలలో దెబ్బ తగులునని యెఱిగియు మనస్సులోని మాటను దాచలేదని మాత్రము ఒప్పుకొనవలెను. 1920లో ప్రజలు మరల ఆయననే గెలిపించిరి. ఆ యేటి నుండి మేయరు గడువు రెండేండ్లకు బదులు నాలుగేండ్లయ్యెను.

ఇక ఆయన కాలమున నగరమున జరిగిన పనులను చెప్పెదము. అన్నిటికంటె ముఖ్యమైనది వినుటకు సొంపుగా నుండదు. అది మురుగునీటి పని. మిల్వాకీ ప్రజలు మిచిగన్ సరస్సు నీటిని త్రాగెడివారు. వారి మురుగంతయు నదుల గుండ ఆ సరస్సులోనికే పోవుచుండెను. తాము విడిచిన మలినమును తామే మరల త్రాగుటచే సన్నిపాత జ్వరములు వ్యాపించుచుండెను. దీనిని మాన్పుటకై 1913లోనే ఒక సంఘమేర్పడెను. హోను పాలనలో ఆ పని సాగి, ఒకప్పుడు బెస్తలు గుడిసెలు వేసికొని నివసించిన జోన్సు ద్వీపమున 1925లో పెద్ద శుద్ధికర్మాగారము పనిచేయ నారంభించెను. అచ్చట మురుగునీటిని తొట్లలో నింపి అందులోనికి గాలిని ఊదుదురు. ఆ గాలితో కంటికి కనబడని సూక్ష్మజీవులు వృద్ధిపొంది మలినమును తినివేయును. పిదప అవి అడుగున పేరుకొనును. నీరు తేటపడి పోవును. ఈ పద్ధతి ననుసరించి అంత పెద్దదిగా కట్టిన కర్మాగారములలో ప్రపంచమున అది మొదటివానిలో నొకటి.

అడుగున మిగిలిన మడ్డిని ఏమిచేయవలెనను ప్రశ్న పుట్టెను. దానిని వేడిచేసి ఎండబెట్టినచో మంచి యెరువగునని కనుగొనిరి. 1926 నుండి దానిని మిలార్గనైటు అను పేరుతో సంచులలో నింపి దేశమంతట అమ్మిరి. పచ్చికబయళ్ళకును తోటలకును అది మిక్కిలి ఉపయోగించెను. నగరపు మురికి నగరమునకు రాబడి తెచ్చిపెట్టినది. ఈ పనియంతయు హోను ఒక్కడే చేసెనని చెప్పుట న్యాయము కాదు. ఇంజనీర్లు, రసాయన శాస్త్రజ్ఞులు, ప్రత్యేక సంఘమువారు చేసిరి. కాని పనివారి పనికి రాజకీయములు అడ్డుపడకుండ చూచుట పాలకుని వంతు. ఆ వంతును ఆయన చక్కగా నెఱవేర్చెను.

వైద్యశాఖవారు పిల్లలకు టీకాలు వేయించి, పాలను పరీక్షించి, ఇండ్లకు పోయి తల్లులకు బోధలు చేసిరి. ఆరోగ్య సంరక్షణమునందు నగరముల నడుమ నడచిన పోటీలలో 1930 ప్రాంతపు సంవత్సరములలో మిల్వాకీ పెద్ద నగరముల తరగతియందు పలుమాఱులు ప్రథమ స్థానము పొందెను. దొంగతనములు, హత్యలు తక్కువగల పెద్ద నగరమనియు దానికి పేరు వచ్చెను. సరస్సు తీరమున మట్టి పోసి భూమిని పెంచి ఉద్యానములు వేసిరి. ఆ తీరము వెంట లింకను పేరిట నిర్మించిన మార్గము 1929లో తెఱవబడెను. ఓడరేవును నగరమే తీసికొని వృద్ధిచేసెను. 1920లో 4,57,147గా నుండిన జనాభా 1930 నాటికి 5,78,249 అయ్యెను. ఇంతమంది పెరిగినను నీరు, దీపము, వీధి, బడి కొఱత పడకుండ చూచుట చిన్న పని కాదు.

ధనము విషయమున హోను మిక్కిలి జాగరూకుడు. ఆయన శాఖలన్నిటికిని కావలసిన వస్తువులను ఒకేచోట కొనునట్లు ఏర్పాటు చేసెను. ఉద్యోగములను సిఫారసు మీద గాక పరీక్షల మీద ఇచ్చు పద్ధతిని కాపాడెను. సాధారణముగా నగరములు అప్పు తెచ్చి వంతెనలు కట్టి ఆ వడ్డీని మనుమల తలపై వేయును. మిల్వాకీవారు 1923లో ఋణవిమోచన నిధిని స్థాపించి ఏటేట కొంత సొమ్ము అందు వేయుచు వచ్చిరి. ఆ విత్తనము ఫలించుటకు ఇరువదేండ్లు పట్టినది. 1943లో ఆ నగరము అప్పు లేనిదయ్యెను. అప్పటికి హోను పదవిలో లేడు. చెట్టు నాటినవాడే పండు తినవలెనను నియమము లేదు గదా.

కష్టకాలమును వచ్చినది. 1929 తరువాత అమెరికాలో వ్యాపారములు కూలిపోయినప్పుడు మిల్వాకీ కర్మాగారములు మూతపడినవి. వేలకొలది కుటుంబములకు పని లేదు. పన్నులు వసూలు కాలేదు. 1933లో నగరోద్యోగులకు జీతము చేతికిచ్చుటకు నాణెము లేక, నగరము హామీపత్రములను అచ్చువేయించి జీతములో భాగముగా నిచ్చెను. ఖర్చులు తగ్గింపుమని గృహస్వాములు ఒత్తిడి చేసిరి. పేదలకు సాయము తగ్గింపరాదని మేయరు పట్టుపట్టెను. ఆ కాలమున నగరాధ్యక్షులందరును కలిసి కేంద్ర ప్రభుత్వ సాయము నర్థించుటకై ఏర్పఱచుకొన్న మేయర్ల మహాసభకు హోను అధ్యక్షత కూడ వహించెను.

ఆయన చేసినవన్నియు ఫలించినవని మేము చెప్పము. ఇండ్లు లేని పనివారి కొఱకు నగరమును జిల్లా ప్రభుత్వమును వాటాలు కొని 1921 మొదలు 1923 లోపల నూటికి పైగా ఇండ్లు కట్టించెను. వానికి తోట యిండ్లని పేరు. అమెరికాలో ఒక నగరము పూనుకొని కట్టించిన సహకార గృహములలో అవియే మొదటివి. ఇండ్లన్నియు సంఘపు సొత్తుగా నుండవలెనని హోను ఆశయము. కాపురమున్నవారు మాత్రము ఎవరి యిల్లు వారికే కావలెనని కోరిరి. కొన్ని యేండ్లకే సంఘము రద్దై ఇండ్లు వారికే అమ్ముడుపోయినవి. విద్యుద్దీపముల కంపెనీని నగరము స్వాధీనము చేసికొనవలెనని ఆయన జీవితమంతయు కోరెను. అదియు జరుగలేదు. దీనికి ముఖ్య కారణమొకటి కలదు. ఆయన పాలనలో అధిక కాలము నగరసభలో ఆయన పక్షమువారు అల్పసంఖ్యాకులుగా నుండిరి. ప్రతి పనికిని ఎదుటి పక్షమువారిని ఒప్పింపవలసియుండెను. అందుచే అందరును ఒప్పుకొను పనులు ముందు జరిగినవి. తక్కినవి కలలుగా నిలిచిపోయినవి.

ఆయన పక్షములోనే కొందరు దీనిని ఎగతాళి చేసిరి. 1932లో ఆ పక్షపు మహాసభ మిల్వాకీలోనే జరిగినప్పుడు న్యూయార్కు నాయకుడు మారిసు హిల్‌క్విట్టు మిల్వాకీవారిని మురుగుకాలువల సోషలిస్టులని హేళన చేసెను. లోకమును మార్చెదమని బయలుదేరి కాలువలు త్రవ్వుకొనుచున్నారని దాని భావము. మిల్వాకీవారు ఆ మాటకు సిగ్గుపడలేదు. దానిని బిరుదుగా స్వీకరించిరి. మంచి మురుగుకాలువ వలన ఒక శిశువు జ్వరము పాలుగాక బ్రతికినచో ఆ తల్లికి అదియే లోకము మాఱుట యని వారి తలంపై యుండును. 1936లో టైము అను ప్రసిద్ధ వారపత్రిక హోను చిత్రమును ముఖపత్రముపై అచ్చువేసెను. అదే సంవత్సరమున ఆయన నగర పరిపాలనమును గూర్చి తన యనుభవములను ఒక గ్రంథముగా ప్రకటించెను.

హోను పాలించిన కాలముననే జెర్సీ నగరమున పాలించిన ఫ్రాంకు హేగును ఇచ్చట తలచుకొనుట అవసరము. ఆతడు 1917లో మేయరై 1947 వఱకును ఉండెను. పేదలకై గొప్ప వైద్యశాలలను కట్టించెను. తన తల్లి పేరిట ప్రసూతి వైద్యశాలను నెలకొల్పెను. అందుల కాతనిని మెచ్చుకొనవలసినదే. కాని నగరోద్యోగులు తమ జీతములలో కొంత భాగమును ఆతని పక్షమునకు చెల్లింపవలసియుండెను. ఆతని జీతము ఏటికి పదివేల డాలర్లకు లోపు. ఆతని భవనములును వైభవమును కోటీశ్వరునికి తగియుండెను. ఎదిరించినవారికి ఆ యూరిలో సభ చేయుటకు స్థలము దొరకదు. కార్మిక సంఘమువారు కరపత్రములు పంచబోగా రక్షకభటులు పట్టి ఊరి వెలుపలకు పంపిరి. 1939లో అత్యున్నత న్యాయస్థానము ఈ నడవడి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. 1947లో ఆతడు రాజీనామా చేసి తన మేనల్లునికి ఆ పీఠమును అప్పగించెను. 1949లో ప్రజలు ఆ యేలుబడిని కూలద్రోసిరి.

ఇద్దరును దీర్ఘకాలము పాలించినవారే. ఇద్దరును ఎన్నికలలో గెలిచినవారే. భేదమెక్కడ నున్నది? మిల్వాకీలో పౌరుడు మేయరును నిందించి రాత్రి తన యింట సుఖముగా నిద్రింపగలిగెను. జెర్సీ నగరమున నిందించినవాడు తన యుద్యోగమును గూర్చి భయపడవలసివచ్చెను. హోను ప్రతి యెన్నికలోను నిజమైన ప్రత్యర్థులతో పోరాడెను. పత్రికలలో పెక్కు ఆయనకు ప్రతికూలముగా వ్రాయుచుండెను. నగరసభ ఆయన కోరికలను త్రోసివేయుచుండెను. ఇవన్నియు ఆయనకు చికాకు కలిగించియుండును. కాని ఆ చికాకులే ఆయనను చెడిపోకుండ కాపాడినవని మేము నమ్ముచున్నాము.

తుదకు 1940వ సంవత్సరము వచ్చెను. హోనుకు ఏబదితొమ్మిదేండ్లు. ఇరువదినాలుగేండ్లుగా ఒకే ముఖమును చూచిన ప్రజలకు మార్పు మీద మనస్సు పుట్టెను. కార్లు జైడ్లరు అను ముప్పదిరెండేండ్ల వకీలు ఎదిరి నిలిచెను. ఆతడు చూడ చక్కనివాడు, మధురముగా పాడువాడు, సభలన్నిటను చొచ్చుకొని పోవువాడు. లెక్కలు చెప్పు వృద్ధునికంటె పాట పాడు యువకుడు జనులకు నచ్చెను. హోను ఓడిపోయెను. ఆయన ఎట్టి తంటాయు పెట్టక పీఠము దిగి మరల వకీలు వృత్తిలో ప్రవేశించెను. గెలిచిన జైడ్లరు అదృష్టము ఎంతో కాలము నిలువలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున 1942లో ఆతడు పదవి విడిచి నౌకాదళమున చేరెను. ఆ యేటి చివరనే ఆతడెక్కిన యోడ సముద్రమున మునిగిపోయి, ఆ యువకుడు మరల తిరిగిరాలేదు. ఆతని తమ్ముడు ఫ్రాంకు జైడ్లరు హోను మునుపటి పక్షమునకు చెందినవాడు. ఈతడు 1948 నుండి 1960 వఱకును అదే నగరమునకు మేయరుగా నుండెను.

హోను 1941లో సోషలిస్టు పక్షమును విడిచి, పిదప డెమొక్రాటిక్ పక్షమున చేరెను. 1944లోను 1946లోను విస్కాన్సిన్ గవర్నరు పదవికి పోటీచేసి గెలువలేదు. నగరమున అంతటి విజయములు పొందినవానికి రాష్ట్రము తలుపు తెఱవలేదు. మహాసరస్సుల నుండి సముద్రమునకు పెద్ద యోడలు పోవుటకు సెంటు లారెన్సు నది మార్గమును త్రవ్వవలెనని ఆయన చిరకాలము వాదించియుండెను. ఆ మార్గము 1959లో తెఱవబడెను. దానిని చూచు భాగ్యము ఆయనకు కలిగెను. 1961వ సంవత్సరము జూను 11వ తేదీన ఎనుబదియేండ్ల ప్రాయమున డేనియల్ హోను పరలోకగతుడయ్యెను.

ఆయన పేరిట మిల్వాకీ ఓడరేవు మీద ఎత్తైన వంతెన యొకటి 1977లో తెఱవబడినది. అది జోన్సు ద్వీపము మీదుగనే పోవుచున్నది. దానిపై పోవువారు క్రిందికి చూచినచో ఆ మురుగునీటి శుద్ధికర్మాగారమే కనబడును. 2000 సంవత్సరము డిసెంబరులో ఆ వంతెనలో ఒక భాగపు ఇనుప దూలములు పగిలి క్రుంగినవి. వెంటనే రాకపోకలు ఆపి, పరీక్షించి, బాగుచేసి మరల తెఱచిరి. మెల్విన్ హోల్లి అను చరిత్రకారుడు 1993లో పలువురు పండితుల యభిప్రాయములను సేకరించినప్పుడు అమెరికా నగరములను పాలించిన ఉత్తమ మేయర్లు పదిమందిలో హోను పేరు వచ్చినది. అధములలో ఫ్రాంకు హేగు పేరు వచ్చినది.

మా విద్యార్థుల వాదమునకు ఇప్పుడు తిరిగి వత్తము. దీర్ఘకాలము అధికారమున నుండుట మంచిదా యని అడిగితిరి. ఏండ్ల లెక్కతో ఇది తేలదని హోను జీవితము చెప్పుచున్నది. ఇరువదినాలుగేండ్లు నిలిచిన యనుభవము లేకున్నచో అప్పు తీర్చు నిధి వంటి దీర్ఘదృష్టి గల పని సాగియుండదు. ఈ మాటలో మొదటి పక్షము వారు గెలిచిరి. ఒక్కని మీదనే ఆధారపడిన పక్షము ఆతడు పడినప్పుడు తానును బలహీనమగును. అలవాటుపడిన ప్రజలకును విసుగు పుట్టును. ఈ మాటలో రెండవ పక్షము వారు గెలిచిరి. కాని రెంటికిని మించిన మాట ఒకటి కలదు. పాలకుని దింపివేయు శక్తి ప్రజల చేతిలో నిజముగా నున్నంతకాలము ఆతడు పదియేండ్లున్నను ముప్పదియేండ్లున్నను సేవకుడే. ఆ శక్తి పోయిన మఱునాటి నుండి ఒక్క దినమున్నను ఆతడు ప్రభువే. వంతెనను కట్టి విడువక అప్పుడప్పుడు దాని దూలములను పరీక్షించునట్లు, పాలకుని కూడ గడువు గడువునకు పరీక్షించుట పౌరుల పని.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు పురపాలక సంఘములలో కూర్చుందురు. మీరందరును ఓటు వేయుదురు. పాట పాడువానిని చూచి సంతోషింపుడు. కాని ఓటు వేయునాడు మీ వీధి కాలువను, మీ కొళాయి నీటిని, మీ యూరి లెక్కల పుస్తకమును కూడ ఒకమాఱు చూచి పొండు. వంటగదిలో గిన్నెలు తోమిన యొక బాలుడు పెద్ద నగరమును ఇరువదినాలుగేండ్లు శుభ్రముగా నుంచగలిగెను. ఓడిన నాడు చేతులు కడుగుకొని శుభ్రముగనే వెడలిపోయెను. అట్టి ప్రవేశమును, అట్టి నిష్క్రమణమును మీకును కలుగుగాక యని కోరుచున్నాము.